డబ్బా ధర కాదు, గ్రాము ధర: ప్రోటీన్ పౌడర్ ఎందుకు ప్రియమవుతోంది, కొనేవాళ్లం ఏం చేయగలం

అందరికీ నమస్కారం.

నా ముందు బల్ల మీద మూడు వస్తువులున్నాయి. ఒక ప్రోటీన్ పౌడర్ డబ్బా, దానితో పాటు వచ్చిన ప్లాస్టిక్ స్కూపు, వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు. ఈ మూడూ ఎందుకు తెచ్చానో కాసేపట్లో చూద్దురు గాని.

ఈ విషయం మీద మాట్లాడమని అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. దానికి కారణం ఒక ఫోన్ కాల్. కొన్ని నెలల క్రితం నాకు తెలిసినావిడ ఒకరు ఫోన్ చేశారు. వాళ్లమ్మగారికి డెబ్బై దాటాయి. తుంటి ఎముక ఆపరేషన్ జరిగింది. తిండి సహించడం లేదు, కండ తగ్గిపోతోంది. రోజుకు రెండు స్కూపుల ప్రోటీన్ పౌడర్ పాలలో కలిపి ఇవ్వమని డాక్టరు చెప్పారట. "డబ్బా కొనడానికి వెళ్తేనే టెన్షన్‌గా ఉంటోందండీ. వెళ్లిన ప్రతిసారీ ధర పెరిగే ఉంటోంది. రెండు స్కూపుల్ని ఒకటి చేశాను. ఇప్పుడు ఆ ఒక్కదాన్నీ అర చేశాను. అమ్మకు మాత్రం చెప్పలేదు" అన్నారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు పూడుకుపోయింది.

డబ్బా వెనక లేబుల్ ఫోటో తీసి పంపమన్నాను. చూశాను. అందులో నూటికి నలభై పాళ్లే ప్రోటీన్. మిగతాది చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం, కోకో, రుచి కోసం వేసేవి. అంటే ఆవిడ ఇన్నాళ్లూ పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం అమ్మగారి కండకు చేరనే లేదు. పైగా అర స్కూపు అయ్యాక చేరేది ఎంతని? ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ధర పెరిగితే తగ్గించి వాడటం ఎవరైనా చేసే పనే. కానీ ఏది తగ్గించాలో, ఏది తగ్గించకూడదో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ధర సంగతి చూద్దాం. నేను పాలపొడి కర్మాగారంలో చాలా ఏళ్లు పనిచేశాను. అందుకని ఈ పొడి పుట్టే చోటు నుంచే మొదలుపెడతాను.

మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది వే ప్రోటీన్. దీని పుట్టుక పాలల్లో. ఆవు పాలలో ఉండే ప్రోటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్, 20 శాతం వే. చీజ్ చేసేటప్పుడు పాలను విరగ్గొడితే కేసిన్ గడ్డకట్టి చీజ్ అవుతుంది. మిగిలేది పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండే నీరు. దీన్ని విరుగుడు నీరు అందాం. 100 లీటర్ల పాల నుంచి సుమారు 10 కిలోల చీజ్ వస్తే, 90 లీటర్ల విరుగుడు నీరు మిగులుతుంది. ఆ నీటిలో 93 శాతానికి పైగా ఉత్త నీరే. తర్వాత ఎక్కువగా ఉండేది పాల చక్కెర, అంటే లాక్టోజ్. ప్రోటీన్ ఉండేది లీటరుకు ఆరేడు గ్రాములు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. లీటరుకు ఆరేడు గ్రాములంటే, 80 శాతం ప్రోటీన్ ఉన్న ఒక కిలో పొడి కావాలంటే వంద లీటర్ల పైమాటే విరుగుడు నీరు కావాలి. మీ అరలో ఉన్న కిలో డబ్బా వెనకాల అన్ని పాలున్నాయి.

ఒకప్పుడు ఈ నీటిని ఏం చేసేవారో తెలుసా? పొలాల్లో పారబోసేవారు, పందులకు పోసేవారు, కొన్ని చోట్ల కాలువల్లోకి వదిలేసేవారు. అలా వదిలిన చోట నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోయి చేపలు చచ్చిపోయేవి. చీజ్ చేసేవాళ్లకు అది వదిలించుకోవాల్సిన తలనొప్పి. 1970ల నుంచి అల్ట్రాఫిల్ట్రేషన్ అనే పద్ధతి పరిశ్రమలోకి వచ్చింది. చాలా సన్నటి రంధ్రాలున్న పొరల గుండా ఆ నీటిని ఒత్తిడితో పంపితే నీరు, చక్కెర, లవణాలు అవతలికి పోతాయి. పెద్ద అణువులైన ప్రోటీన్లు ఇవతల నిలిచిపోతాయి. పారబోసేది కాస్తా సరుకైంది.

ఆ పొరలున్న గొట్టాల వరసను మీరు దగ్గరగా చూస్తే ధర ఎక్కడ పుడుతుందో సగం అర్థమవుతుంది. ఒక్కో గొట్టం మనిషి ఎత్తు. లోపల చాపలా చుట్టిన పొరలు. పాలతో పని కాబట్టి రోజూ లైను ఆపి కడగాల్సిందే. ముందు వేడి క్షారం, తర్వాత ఆమ్లం, మళ్లీ శుభ్రమైన నీరు. కడిగేంతసేపూ ఉత్పత్తి ఉండదు. కడగడం సరిగ్గా జరగకపోతే పొరలు పాడై లక్షలు పోసి మార్చాలి. చిక్కబడిన ద్రవాన్ని తర్వాత ఎత్తైన గోపురం లాంటి డ్రైయర్‌లో తుంపరగా చల్లుతారు. లోపలికి 180 డిగ్రీల దాకా వేడెక్కిన గాలి వస్తుంది. తుంపర కింద పడేలోగా పొడి అయిపోతుంది. ఆ గాలిని వేడి చేయడానికి గ్యాసు గానీ మరో ఇంధనం గానీ రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో యూరప్‌లో గ్యాస్ ధర ఆకాశాన్నంటినప్పుడు ఆ భారం పాలపొడుల మీద కూడా పడింది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. మామూలుగా ఒక వస్తువుకు గిరాకీ పెరిగితే చేసేవాళ్లు ఎక్కువ చేస్తారు, కొన్నాళ్లకు ధర దిగుతుంది. వే ప్రోటీన్ విషయంలో అది అంత తేలిగ్గా జరగదు. ఎందుకంటే ఇది చీజ్‌తో పాటే పుడుతుంది. జిమ్‌లో మీరు ఇంకో స్కూపు ఎక్కువ వాడినంత మాత్రాన లోకం ఇంకో ముక్క చీజ్ ఎక్కువ తినదు. చీజ్ ఎంత అమ్ముడుపోతుందో దాన్ని బట్టే విరుగుడు నీరు ఎంత వస్తుందో తేలుతుంది. ఈ మధ్య విరుగుడు నీటికి విలువ పెరిగేసరికి చీజ్ కంపెనీలు దాన్ని కూడా లెక్కలో పెట్టుకుని విస్తరిస్తున్న మాట నిజమే. కానీ కొత్త ప్లాంటు కట్టి, పొరలు బిగించి, డ్రైయర్ నిలబెట్టి, మొదటి బస్తా బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. గిరాకీ మాత్రం ఒక్క సీజన్‌లో పెరిగిపోగలదు.

పెరిగింది కూడా. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు మాత్రమే ఈ పొడి కొనే కాలం పోయింది. సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. అమెరికాలో 2021లో దాన్ని ఊబకాయానికి కూడా వాడటానికి అనుమతి ఇచ్చారు. ఆ మందులతో ఆకలి తగ్గుతుంది, బరువుతో పాటు కొంత కండ కూడా కరుగుతుంది. అందుకని వాడేవాళ్లను ప్రోటీన్ మీద శ్రద్ధ పెట్టమని డాక్టర్లు చెబుతున్నారు. వయసు మళ్లినవాళ్లలో కండ కరిగిపోవడం మీద అవగాహన పెరిగింది, అదీ మంచిదే. ఇక ఆహార కంపెనీల సంగతి. బిస్కెట్టు, ఐస్‌క్రీమ్, కాఫీ, నీళ్ల సీసా, దేని మీద చూసినా "హై ప్రోటీన్" అనే ముద్ర. ఆ ముద్ర వెనకాల వాళ్లు కొనేది ఇదే పొడి. పసిపిల్లల డబ్బా పాలు తయారుచేసే కంపెనీలు కూడా ఈ వరుసలోనే నిలబడ్డాయి. తల్లిపాలలో వే ప్రోటీన్ ఎక్కువ, ఆవు పాలలో కేసిన్ ఎక్కువ కాబట్టి, ఆవు పాలను తల్లిపాలకు దగ్గర చేయాలంటే వే కలపాల్సిందే. వాళ్లు పెద్ద ఒప్పందాలతో ముందే కొనేస్తారు. మీ డబ్బా మీద పేరున్న బ్రాండు వాళ్ల తర్వాత నిలబడుతుంది.

ఇంకో సంగతి. ఒకే విరుగుడు నీటి నుంచి 80 శాతం దాకా ప్రోటీన్ ఉండే కాన్సన్‌ట్రేట్ చేయొచ్చు, ఇంకా వడకట్టి 90 శాతం ప్రోటీన్ ఉండే ఐసొలేట్ కూడా చేయొచ్చు. ఐసొలేట్‌కు మంచి ధర పలికితే ప్లాంట్లు అటు తిరుగుతాయి. అప్పుడు కాన్సన్‌ట్రేట్ కూడా దొరకడం కష్టమై దాని ధరా ఎక్కుతుంది. మీరు ఐసొలేట్ జోలికి వెళ్లకపోయినా ఐసొలేట్ ధర మీ డబ్బా దాకా వస్తుంది.

2021, 2022లలో ఈ ధరలు ఇలాగే ఎగబాకాయి. 2023లో బాగా దిగాయి. 2024 నుంచి మళ్లీ ఎక్కడం మొదలై, 2025లో అంతకు ముందెప్పుడూ లేని ఎత్తుకు చేరాయి. ఇది ఒక అల. ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని భయపడనక్కర్లేదు, రేపే దిగుతుందని ఎదురుచూడనూ వద్దు.

"అయితే పాల పొడి మానేసి బఠానీ ప్రోటీన్ కొంటే సరి" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అది మంచి ఆలోచనే. కానీ దానికీ దాని కష్టాలున్నాయి. బఠానీ పంటకు ప్రపంచంలో కెనడా పెద్ద దిక్కు. 2021లో అక్కడ కరవు వచ్చి పంట దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత 2024లో చైనా నుంచి వచ్చే బఠానీ ప్రోటీన్ మీద అమెరికా భారీ సుంకాలు వేసింది. గుడ్డు తెల్లసొన పొడి అంటారా, బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపాల్సి వచ్చిన ప్రతిసారీ దాని ధర ఎగురుతుంది. ఏ పొడి వెనకాలైనా ఒక పొలమో ఒక జీవమో ఉంది. అక్కడ దెబ్బ తగిలితే అరలో డబ్బాకు తగులుతుంది.

ఓడ కిరాయి, డాలరు మారకం, పన్నులు, డబ్బా ప్లాస్టిక్, ప్రచారం చేసే వీడియోల వాళ్లకు ఇచ్చే కమీషన్, ఇవన్నీ పైన చేరేవే. వీటి గురించి ఎక్కువ చెప్పను, అన్ని వస్తువులకూ ఉన్నవే.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ముడిసరుకు ధర ఎక్కినప్పుడు డబ్బా ధర త్వరగా ఎక్కుతుంది, దిగినప్పుడు మెల్లగా దిగుతుంది. కంపెనీలు మూడు నెలలకో ఆరు నెలలకో ముందే ఒప్పందం చేసుకుని కొంటాయి కాబట్టి కొంత ఆలస్యం న్యాయమే. ఖరీదుగా కొన్న సరుకు గోదాంలో ఉండగా చవగ్గా అమ్మమంటే ఎవరూ అమ్మలేరు. కానీ ఆ సరుకు అయిపోయాక కూడా పాత ధరే నడుస్తుంటే, కొనేవాళ్లు అలవాటుపడ్డారని ధైర్యం వచ్చిందన్నమాట. అక్కడ మన పాత్ర మొదలవుతుంది.

సరే, ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం.

ఈ డబ్బా మీద పెద్ద అక్షరాలతో "30 గ్రాముల ప్రోటీన్" అని రాసుంది. వెనక్కి తిప్పుతున్నాను. చిన్న అక్షరాల్లో "ఒక సర్వింగ్: 60 గ్రాములు" అని ఉంది. అంటే 60 గ్రాముల పొడి వేసుకుంటే 30 గ్రాముల ప్రోటీన్. సగం. పక్కన ఇంకో డబ్బా ఉందనుకుందాం. దాని మీద "24 గ్రాములు" అనే ఉంటుంది, అంకె చిన్నది. కానీ దాని సర్వింగ్ 30 గ్రాములు. అంటే 80 శాతం. రెండూ కిలో డబ్బాలే. మొదటిదాని ధర 80 అనుకోండి, రెండోదాని ధర 100 అనుకోండి, ఏ డబ్బుల్లోనైనా సరే. చూడగానే మొదటిది చవక అనిపిస్తుంది. లెక్క వేద్దాం. మొదటి డబ్బాలో ప్రోటీన్ 500 గ్రాములు. 80ని 500తో భాగిస్తే గ్రాముకు 0.16. రెండో డబ్బాలో 800 గ్రాములు. 100ని 800తో భాగిస్తే గ్రాముకు 0.125. చవక అనుకున్న డబ్బా పావు వంతు కంటే ఎక్కువ ప్రియం.

నేను ఇవాళ ఒక్కటే అడుగుతాను, ఈ ఒక్క లెక్క మీ అలవాటు చేసుకోండి. డబ్బా ధర కాదు, కిలో ధర కాదు, స్కూపు ధర అసలే కాదు. గ్రాము ప్రోటీన్ ధర. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, అర నిమిషం పని. కొన్న ప్రతిసారీ తేదీ, ధర, బరువు, ప్రోటీన్ శాతం ఒక పుస్తకంలో రాసుకోండి. "40 శాతం తగ్గింపు" అని రాసినప్పుడు, దేని మీద తగ్గింపో మీ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. తగ్గింపుకు ముందు ధరను పెంచి చూపించడం ఎక్కడైనా జరిగే పనే.

ధర మార్చకుండా ధర పెంచే దారులు కూడా ఈ లెక్కలో దొరికిపోతాయి. కిలో డబ్బా 900 గ్రాములైంది, ధర అదే, డబ్బా ఎత్తు కూడా అదే. గ్రాముకు 11 శాతం పెరిగినట్లు. ఇంకోటి, ఇది కనిపెట్టడం కష్టం. బరువు మారదు, ధర మారదు, 30 గ్రాముల స్కూపులో 24 గ్రాములుండే ప్రోటీన్ 21 అవుతుంది. దీనికి "కొత్త రుచి", "మెరుగైన ఫార్ములా" అని పేరు. గ్రాము లెక్కలో అది 14 శాతం పెరుగుదల. పాత డబ్బా పారేసే ముందు లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు త్రాసు. స్కూపును త్రాసు మీద పెట్టి సున్నా చేస్తున్నాను. డబ్బాలో ముంచి మామూలుగా మనందరం తీసినట్టే తీస్తున్నాను, పైన కాస్త గోపురంలా ఉంది. ముందు వరసలో ఉన్నవాళ్లకు అంకె కనిపిస్తోందా? 71. ఉండాల్సింది 60. ఇప్పుడు చాకు వెనక వైపుతో పైన చదును చేస్తున్నాను. 62. గోపురంలా తీస్తే ప్రతి స్కూపుకూ 11 గ్రాములు ఎక్కువ. నెల రోజుల డబ్బా పాతిక రోజులకే ఖాళీ. ఇంకో విషయం గమనించండి. పొడి రవాణాలో కుదించుకుపోతుంది. అడుగున ఉన్న పొడి పైదాని కంటే బరువుగా దిగుతుంది. అందుకే స్కూపుని నమ్మకండి, కనీసం మొదటి వారం త్రాసుతో తూచుకుని చేతికి అలవాటు చేసుకోండి.

ఈ లెక్కలకు ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. అసలు నాకు ఎంత కావాలి?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2007లో చెప్పిన అంకె, కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచుకునేవాళ్లకు ఇంకా కావాలి. ఎంత? 2018లో 49 పరిశోధనలను కలిపి చేసిన ఒక విశ్లేషణ వచ్చింది. కిలోకు సుమారు 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనబడింది, అది దాటాక అదనంగా కండ పెరగడం కనబడలేదు. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములు. ఇప్పుడు మీరు రోజూ తినేదాంట్లో ఎంత వస్తోందో రాసుకోండి. గుడ్డుకు 6 గ్రాములు. పావు లీటరు పాలకు 8 గ్రాములు. వండక ముందు 100 గ్రాముల పప్పు గింజలకు 24 గ్రాముల దాకా. అన్నం, గోధుమల్లో కూడా కొంత ఉంటుంది, దాన్ని మనం మామూలుగా మర్చిపోతాం, అదీ కలపండి. అన్నీ కలిపి 70 వచ్చిందనుకోండి. బరువులెత్తే ఆ 60 కిలోల మనిషికి లోటు 26 గ్రాములు. ఒక స్కూపు చాలు. కానీ మూడు స్కూపులు వాడుతున్న పిల్లలు నాకు తెలుసు. డబ్బా మీద "రోజుకు రెండు నుంచి మూడు సర్వింగులు" అని రాసుంది కాబట్టి. ఆ మాట రాసింది మీ శరీరం ఎరిగినవాళ్లు కాదు, డబ్బా అమ్మేవాళ్లు. వ్యాయామం చేయని 60 కిలోల మనిషి 70 గ్రాములు తింటుంటే లోటే లేదు, డబ్బాయే అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకెల్ని పక్కన పెట్టి తమ డాక్టరు చెప్పిందే పాటించాలి.

పెరిగిన ధరకు అన్నిటికంటే పెద్ద జవాబు ఇదే అని నా నమ్మకం. అవసరం లేని రెండో స్కూపు మానేస్తే ఖర్చు సగమవుతుంది. ఏ డిస్కౌంటూ అంత ఇవ్వదు. కానీ ఆ పెద్దావిడ లాంటి వాళ్ల విషయంలో ఇది వర్తించదు. ఆపరేషన్ నుంచి కోలుకునేవాళ్లు, తిండి తినలేని ముసలివాళ్లు, వీళ్లకు తగ్గించకూడదు. తగ్గించాల్సింది ఆరోగ్యంగా ఉండి అలవాటుగా వాడేవాళ్లు. ఒకే ఇంట్లో కొడుకు జిమ్ డబ్బా, తల్లి మందు డబ్బా రెండూ ఉంటే, దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోండి.

ఏ రకం కొనాలన్నది తర్వాతి మాట. ఐసొలేట్, కాన్సన్‌ట్రేట్ తేడా చాలామందికి అవసరం లేదు. "పాలు పడవు కాబట్టి ఐసొలేటే కొంటాను" అంటారు. 80 శాతం కాన్సన్‌ట్రేట్ ఒక స్కూపులో లాక్టోజ్ సాధారణంగా రెండు గ్రాములకు అటూ ఇటూ. లాక్టోజ్ పడనివాళ్లలో కూడా చాలామంది ఒకేసారి 12 గ్రాముల దాకా తట్టుకోగలరని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో చెప్పింది. నిజంగా పొట్ట తిప్పేవాళ్లుంటారు, వాళ్లకు ఐసొలేట్ డబ్బుకు తగినదే. మిగతావాళ్లు చిన్న ప్యాకెట్ కాన్సన్‌ట్రేట్ తెచ్చుకుని వారం చూడండి. ప్రోటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రొలైజేట్ అని ఇంకా ఖరీదైనది ఉంది. మామూలు మనిషికి అది అనవసరం.

రుచి లేని సాదా పొడి దొరికితే అదే తీసుకోండి. రుచికీ రంగుకీ పోసే డబ్బు మిగులుతుంది, ప్రోటీన్ శాతం కూడా ఎక్కువ ఉంటుంది. అరటిపండో కాస్త కోకోనో ఇంట్లో మీరే వేసుకోవచ్చు.

ఇంకా చవకైన దారి కావాలంటే వెన్న తీసిన పాలపొడి ఉంది. అందులో 35 శాతం ప్రోటీన్, వే, కేసిన్ రెండూ ఉంటాయి. లాక్టోజ్ మాత్రం సగం ఉంటుంది కాబట్టి పాలు పడేవాళ్లకే. కొవ్వు తీసిన సోయా పిండిలో 50 శాతం. సోయా ప్రోటీన్ నాణ్యతలో పాలకు దగ్గరగా నిలబడుతుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసు. వాటిలో బఠానీలో మెథియోనిన్ తక్కువ, బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. కొల్లాజెన్ పొడిని ప్రోటీన్ పొడి స్థానంలో కొనకండి. దాంట్లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం బొత్తిగా లేదు. చర్మానికి వాడుకుంటే అది మీ ఇష్టం, కండ లెక్కలో మాత్రం దాన్ని వేయకండి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం. సరుకు ప్రియమైనప్పుడు కల్తీకి ఆశ పుడుతుంది. ప్రోటీన్‌ను నేరుగా కొలవడం కష్టం. అందుకని దానిలోని నైట్రోజన్‌ను కొలిచి, ఒక అంకెతో గుణిస్తారు. 1883లో యోహాన్ కెల్డాల్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ లాబుల్లో నడుస్తోంది. నైట్రోజన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పద్ధతికి తెలియదు. గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపితే నైట్రోజన్ పెరుగుతుంది, లేబుల్ మీద ప్రోటీన్ అంకె పెరుగుతుంది, శరీరానికి కండ కట్టే ప్రోటీన్ మాత్రం పెరగదు. 2008లో చైనాలో పాలలో మెలమైన్ అనే నైట్రోజన్ ఎక్కువున్న రసాయనాన్ని కలిపింది కూడా ఈ లొసుగును ఆసరా చేసుకునే. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, పసిపిల్లలు చనిపోయారు. దాన్నీ దీన్నీ ఒక్కగాటన కట్టడం లేదు. గ్లైసిన్ విషం కాదు. కానీ మోసం దూరిన సందు ఒకటే.

కాబట్టి గ్రాము ధర మరీ తక్కువ కనిపించినప్పుడు సంతోషించే ముందు పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నవి ముందు, తక్కువవి వెనక, సాధారణంగా ఆ వరుసలోనే రాస్తారు. గ్లైసిన్, టారిన్, క్రియాటిన్ లాంటివి మొదటి నాలుగైదింట్లో కనిపిస్తే పక్కన పెట్టేయండి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి విడివిడి పాళ్లు చెప్పకపోయినా అంతే. ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి బయటి సంస్థలు పరీక్షించిన గుర్తు ఉంటే, నాలుగు డబ్బులు ఎక్కువైనా నేను అదే కొంటాను. ఇది నా అభిప్రాయం. పొదుపు పేరుతో ఇంట్లోవాళ్ల నోట్లోకి తెలియని పొడి పోయడం నాకిష్టం లేదు.

చాలామంది అడిగే ప్రశ్న, "ధర పెరుగుతోంది కదా, ఇప్పుడే ఐదారు డబ్బాలు కొని పెట్టుకోమంటారా?" వద్దు. మూడు నెలలకు సరిపడా అయితే సరే. డబ్బా మీద గడువు తేదీ ఏడాదిన్నరో రెండేళ్లో ఉండొచ్చు. అది చల్లగా, పొడిగా ఉన్న చోటి లెక్క. వేడిగా, తేమగా ఉండే గదిలో పెడితే పాల చక్కెర, లైసిన్ ఒకదానితో ఒకటి చర్య జరిపి పొడి మెల్లగా రంగు తిరుగుతుంది. గోధుమ రంగు వచ్చిందంటే లైసిన్ కొంత పోయినట్లే, అది శరీరం తయారుచేసుకోలేని అమైనో ఆమ్లం. పొయ్యి పక్క అరలో డబ్బాలు పేర్చుకుని పొదుపు చేశాననుకుంటే కుదరదు. తడి స్కూపు పెట్టకండి. మూత గట్టిగా బిగించండి. నెల నెలా దానంతటదే ఆర్డరు వెళ్లేలా పెట్టుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి. మొదటి నెల ధర ఒకటి, ఐదో నెల ధర ఇంకోటి అయి ఉండొచ్చు.

మొదట్లో చెప్పాను కదా, ఫోన్ చేసినావిడ సంగతి మధ్యలో వదిలేశాను. లేబుల్ చూశాక డాక్టరుతో మాట్లాడి మార్చుకోమన్నాను. రుచి లేని 80 శాతం కాన్సన్‌ట్రేట్ తీసుకున్నారు. స్కూపుకు కాకుండా గ్రాములకు తూచి, ఉదయం సగం, సాయంత్రం సగం పాలలో కలుపుతున్నారు. అమ్మగారికి డాక్టరు చెప్పిన ప్రోటీన్ మొత్తం అందుతోంది, ఖర్చు రెండు స్కూపుల రోజుల నాటి కంటే తక్కువే. కిందటి వారం మళ్లీ ఫోన్ చేశారు. అమ్మ ఊతకర్ర లేకుండా వంటింటి దాకా నడిచిందని చెప్పారు. అది పొడి ఒక్కదాని వల్లే అనను, ఫిజియోథెరపీ కూడా జరుగుతోంది. కానీ అమ్మకు చెప్పకుండా దాచాల్సిన బాధ ఆవిడకు తప్పింది.

చివరి వరసలో ఒక బాబు చెయ్యెత్తాడు. ఏమన్నావు బాబూ? "ధరలు ఎప్పటికి దిగుతాయి?" అనా? తేదీ చెప్పలేను. ఎలా దిగుతాయో చెప్పగలను. ధర బాగా ఉంది కాబట్టి కంపెనీలు కొత్త ప్లాంట్లు కడుతున్నాయి. అవి ఒక్కొక్కటిగా నడవడం మొదలయ్యాక సరుకు పెరుగుతుంది. ఈలోగా ఖరీదు భరించలేక బిస్కెట్ల వాళ్లు, ఐస్‌క్రీమ్‌ల వాళ్లు సోయాకో పాలపొడికో మారతారు, గిరాకీ కాస్త తగ్గుతుంది. ముందు హోల్‌సేల్ ధర దిగుతుంది. 2023లో అలాగే జరిగింది. మీ అర దాకా రావడానికి ఇంకొన్ని నెలలు. ఆ నెలల్లో తగ్గింపు ముందుగా చిన్న బ్రాండ్లలో, రుచి లేని పొడుల్లో కనిపిస్తుంది. పుస్తకంలో రాసుకుంటూ ఉంటే గ్రాము ధర మారిన రోజే నీకు తెలుస్తుంది, ఆ రోజు బ్రాండు మార్చడానికి మొహమాటపడకు.

ఈ త్రాసు ఇంకో అరగంట ఇక్కడే ఉంటుంది. స్కూపులు తెచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి తూచుకోండి. డబ్బా ఫోటో ఉన్నవాళ్లు ఫోన్ తీసి పట్టుకోండి, లెక్క కలిసి వేద్దాం.